సముద్రం దాటొచ్చిన దుమ్ము

ఇప్పుడు ఊపిరి బాగానే ఆడుతోంది. మెట్లెక్కితే మధ్యలో ఆగాల్సిన పని లేదు. జనగామలో ఒక బడి బస్సు నడుపుతున్నాను. పొద్దున పిల్లల్ని దింపాక సాయంత్రం దాకా ఖాళీయే. బస్సులోనే వెనక సీట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంట్లో మాది లంబాడీ మాట. చదువుకున్నది తెలుగులో కాబట్టి రాత తెలుగులోనే వస్తుంది.

నాలాగా గల్ఫ్ పోయినవాళ్లు, దగ్గే కదా అని నెలల తరబడి దాచుకునేవాళ్లు మా చుట్టుపక్కల తండాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరైనా చదువుతారని ఆశ. అయితే అదొక్కటే కారణం కాదు. ఆ రోజులు నాకు వరుసగా గుర్తులేవు. ఎక్కడో మొదలై ఎక్కడో తెగిపోయే కలల్లాగా ఉన్నాయి. ఏ నెలలో ఏమైందో కాగితం మీద పెడితే గుండె కొంచెం కుదురుకుంటుందని కూడా రాస్తున్నాను.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్

నేను బహ్రెయిన్‌లో ఒక ఇంటికి డ్రైవర్‌ని. బహ్రెయిన్ చిన్న ద్వీపం. కారులో గంటసేపు ఎటు పోయినా చివరకు నీళ్లే కనిపిస్తాయి. ఆ ఇంటి పెద్దాయనకు ఎనభై దాటాయి. అందరూ ఆయన్ని బాబా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆయన తండ్రి ముత్యాల కోసం సముద్రంలో మునిగే మనిషి. బాబా మాత్రం చిన్నతనంలో బొంబాయిలో మేనమామ దుకాణంలో కొన్నేళ్లు పనిచేశాడు. అందుకని ఆయనకు హిందీ వచ్చు. నాకు హైదరాబాదులో ఆటో నడిపినప్పుడు పట్టుబడిన హిందీ వచ్చు. మా ఇద్దరికీ ఆ మాత్రం సరిపోయింది.

రోజూ పొద్దున ఆయన్ని సముద్రపు ఒడ్డుకు తీసుకుపోవాలి. కారు ఆపి, అద్దాలు దించి, ఆయన నీళ్లను చూస్తూ కూర్చుంటే నేను ఆయన్ని చూస్తూ కూర్చోవాలి. వారానికోసారి దవాఖానకు. ఆయన ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. అంగీ జేబులో నీలంరంగు పంపు ఎప్పుడూ ఉండేది. మూత తీసి నోట్లో పెట్టుకుని ఒక్కసారి పీల్చి, కళ్లు మూసుకునేవాడు.

మార్చిలో ఒక పొద్దున లేచి బయటికొస్తే లోకం రంగు మారిపోయి ఉంది. పక్కింటి మేడ లేదు. వీధి చివర మసీదు లేదు. ఆకాశం, నేల, మధ్యలో గాలి, అన్నీ ఒకటే గోధుమ రంగు. సూర్యుడు ఉన్నాడు గాని కళ్లార్పకుండా చూడగలిగేంత పలచగా ఉన్నాడు. వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. చప్పుళ్లన్నీ గుడ్డ చుట్టినట్టు మెత్తబడ్డాయి. అంత పెద్ద దుమ్ములో అంత నిశ్శబ్దం నేనెన్నడూ చూడలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కాని, నాకది బాగా నచ్చింది. ఎవరో కంటున్న కలలోకి పొరపాటున అడుగుపెట్టినట్టు అనిపించింది.

ఆ రోజు కూడా బాబా సముద్రానికి పోదామన్నాడు. ఒడ్డున కారు ఆపాను. సముద్రం కనబడలేదు. అలల చప్పుడు మాత్రం వినిపించింది. నేను వేలితో కారు ముందుభాగాన్ని గీసి చూశాను. ముఖానికి రాసుకునే పౌడరంత సన్నటి మట్టి.

"బాబా, చుట్టూ నీళ్లే కదా. ఈ మట్టి ఎక్కడిది?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "మాది కాదు. ఉత్తరాన ఇరాక్ ఎడారిలో గాలి లేచిందంటే రేపటికల్లా ఇక్కడుంటుంది. సముద్రం మీద చెట్టు లేదు, గోడ లేదు. దుమ్ముకు అంతకంటే మంచి బాట ఏముంది?"

"ఎన్నాళ్లుంటది?"

"గాలికి విసుగొచ్చే దాకా. దుమ్ము ఒకసారి ద్వీపం మీదికి వచ్చిందంటే అంత తొందరగా పోదు. కింద పడ్డది మళ్లీ లేస్తుంది. కార్లు తిరిగినా లేస్తుంది, నువ్వు తుడిచినా లేస్తుంది."

నువ్వు తుడిచినా అన్న మాటను నేను పట్టించుకోలేదు. దుమ్ము రోజుల్లో పొద్దునా సాయంత్రం కారు తుడవాలి. నీళ్లు పోస్తే బురద చారలు పడతాయని పొడి గుడ్డతో దులిపేవాణ్ని. ముక్కుకు ఏమీ కట్టుకునేవాణ్ని కాదు. దులిపిన దుమ్మంతా నా చుట్టూ తేలుతుంటే, ఎండలో అది బంగారపు పొడిలా మెరుస్తుంటే, చూస్తూ నిలబడేవాణ్ని. ఆ ఏడాది దుమ్ము రోజులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏప్రిల్ చివరికి పొడి దగ్గు పట్టుకుంది.

ఒక సాయంత్రం నా గదిలో పడుకుంటే పిల్లి కూన అరుస్తున్నట్టు వినిపించింది. లేచి మంచం కింద చూశాను. తలుపు తీసి బయట వెతికాను. మళ్లీ పడుకుంటే మళ్లీ అరిచింది. అది నా ఛాతీలోంచి వస్తోందని తెలియడానికి చాలాసేపు పట్టింది.

మే

ద్వీపానికీ పక్కనున్న ఇంకో చిన్న ద్వీపానికీ మధ్య వంతెన ఉంది. దవాఖాన అవతల ఉంది. మే నెలలో ఒక మధ్యాహ్నం బాబాను తీసుకుని ఆ వంతెన మీద పోతున్నాను. ఉత్తరపు గాలి గట్టిగా ఉంది. వంతెనకు రెండు పక్కలా నీళ్లు లేవు, దుమ్మే ఉంది. ఆకాశంలో కారు నడుపుతున్నట్టుంది. గాలి లోపలికి పోతోంది గాని బయటికి రావడం లేదని ఉన్నట్టుండి తెలిసింది. ఎవరో ఛాతీ చుట్టూ తాడు వేసి ముడి బిగిస్తున్నారు. స్టీరింగ్ మీద నా చేతులు ఎవరివో అనిపించాయి.

ఎలాగో కారు పక్కకు తీసి ఆపాను. మాట రాలేదు. వెనక సీట్లోంచి బాబా నా భుజం పట్టుకున్నాడు. తన పంపు తీసి నా నోట్లో పెట్టాడు. "పీల్చు. ఆపు. ఇప్పుడు మెల్లగా వదులు. పెదాలు సన్నగా పెట్టు, పాలు చల్లార్చినట్టు ఊదు. తొందర లేదు, కిషన్. ఈ వంతెన మీద మనకేం తొందర లేదు."

వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. ఎనభై ఏళ్ల మనిషి వేళ్లతో నా భుజం మీద లెక్క కొడుతున్నాడు. లోపలికి రెండు, బయటికి నాలుగు. తనకు రోగం అని నేను తీసుకుపోతున్న మనిషి నన్ను బతికించాడు.

దవాఖానలో ఆ రోజు కుర్చీలు దొరకలేదు. నాలాంటివాళ్లే అందరూ. భవనాల మీద పనిచేసే నేపాలీలు, తల్లి ఒళ్లో గురగురమంటున్న పిల్లలు, చక్రాల కుర్చీల్లో ముసలివాళ్లు. అందరి కనురెప్పల మీదా ఒకటే రంగు దుమ్ము. ఏ దేశం వాడో పోల్చుకోలేకుండా అందరం ఒకటే మట్టితో చేసినట్టున్నాం. నాకు మూతికి గొట్టం పెట్టి మందు ఆవిరి పట్టారు. ఆ తెల్లటి పొగలో కళ్లు మూసుకుంటే మా తండా పొలాల్లో మంచు కనిపించింది. మలయాళీ నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని, "దుమ్ము దినాల్లో ఇంతే భయ్యా, సగం ఊరు ఇక్కడే ఉంటుంది" అంది. భయ్యా అన్న ఆ ఒక్క మాటకు ఏడుపొచ్చింది.

పోయేముందు ఎక్స్‌రే తీశారు. రెండు రోజుల తర్వాత మళ్లీ పిలిచారు.

జూన్

ఎక్స్‌రేలో పైభాగాన మచ్చ ఉంది. టీబీ కావచ్చు, కాకపోవచ్చు, పరీక్షలు చేయాలన్నాడు డాక్టరు. నాకు కావచ్చు అన్నదే వినిపించింది.

తోటి డ్రైవర్లు ఇంకా భయపెట్టారు. ఇక్కడ టీబీ అని తేలితే పంపించేస్తారు, మళ్లీ ఈ గడ్డ మీద అడుగుపెట్టనివ్వరు అన్నారు. అందులో నిజమెంతో నేను ఎవరినీ అడగలేదు. బాబా కొడుకు చెడ్డవాడు కాదు. ఇంటి వెనక గదిలో ఉండమన్నాడు. అన్నం గుమ్మం దగ్గర పెట్టించాడు. "మా నాన్న సంగతి నీకు తెలుసు. ఆయనకు ఏ చిన్న రోగం అంటుకున్నా తట్టుకోలేడు. సెలవు మీద ఇంటికిపో. అక్కడ చూపించుకో. ఏమీ లేదంటే నాలుగు నెలల్లోపు రా, నీ పని నీకుంటుంది" అన్నాడు. నేను సరేనన్నాను. అక్కడే పరీక్ష చేయించుకోవాల్సింది. చేయించుకోకుండా మూతికి గుడ్డ కట్టుకుని విమానం ఎక్కాను. అది తప్పే. నాలుగు గంటలు పక్కవాళ్ల వైపు ముఖం తిప్పకుండా కిటికీకి ఆనుకుని కూర్చున్నాను.

బయల్దేరే రోజు బాబా, కొడుకు వద్దంటున్నా, కర్ర పొడుచుకుంటూ వెనక గది దగ్గరికి వచ్చాడు. నేను తలుపు తీయలేదు. కిటికీ అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"పుట్టినప్పటి నుంచి ఈ దుమ్ము తిన్నాను. ఇంక నీవల్ల నాకు కొత్తగా వచ్చేదేముంది?" అన్నాడు.

"దూరంగా ఉండండి బాబా."

"దూరంగానే ఉన్నాను. మీ ఊళ్లో ఇప్పుడు ఏం కాలం?"

"వానలు మొదలైతయి."

ఆయన వానలు అన్న మాటను రెండు మూడుసార్లు తనలో తాను అనుకున్నాడు.

జూలై, ఆగస్టు

మా తండా నర్సింహులపేటకు దగ్గర. నేను దిగేసరికి ముసురు పట్టి ఉంది. రెండేళ్ల తర్వాత వచ్చాను. ఆరేళ్ల నా బిడ్డ మంజు వాకిట్లోంచి ఉరికొచ్చింది. నేను పెట్టెను అడ్డం పెట్టి వెనక్కు జరిగాను. అది ఆగిపోయింది. పెట్టెకు అవతల అది, ఇవతల నేను. దాని ముఖంలో ఆ క్షణం ఏం మారిందో నేను ఎన్నటికీ మర్చిపోను.

నా భార్య సరితకు గాని, యాడికి గాని ఏమీ చెప్పలేదు. మా భాషలో అమ్మను యాడి అంటాం. కరెంటు ఎప్పుడొస్తదో, మోటారు చూసుకోవాలె అని వంక పెట్టి పొలం దగ్గర మోటారు గదిలో మంచం వేసుకున్నాను. నా కంచం, నా చెంబు వేరుగా పెట్టుకున్నాను. పగలంతా వాన చూస్తూ పడుకునేవాణ్ని. వానలో ఊపిరి సులువుగా ఉండేది. గాలిలో ఏమీ లేదు, తడి తప్ప. కళ్లు మూస్తే మాత్రం వంతెన, రెండు పక్కలా దుమ్ము. ఆ దుమ్ములో మంజు నడుచుకుంటూ పోతుండేది. పిలవాలంటే ఊపిరి చాలేది కాదు.

పది రోజులు అలా గడిచాక ఒక మధ్యాహ్నం నాట్లు వేసి వస్తూ సరిత మోటారు గదికి వచ్చింది. మోకాళ్ల దాకా బురద. చేతిలో ఎక్స్‌రే కవరు. పెట్టెలో బట్టల అడుగున దాచింది దొరికింది.

"గిదేంది?"

"ఎక్స్‌రే."

"ఎక్స్‌రే అని నాకెర్కనే. నల్లగున్నదాంట్ల గీ తెల్ల మచ్చ ఏందని అడుగుతున్న."

చెప్పాను. టీబీ కావచ్చన్నారని.

"మరి నాకెందుకు చెప్పలే?"

"పరేషాన్ అయితవని."

"ఇన్ని దినాలు పరేషాన్ గాకుంట ఉన్ననా నేను?" అని అరిచింది. "బిడ్డను ముట్టవు. నా ముఖం చూడవు. అక్కడ ఇంకెవతెనన్న ఉంచుకున్నవేమో అనుకున్న. ఎవ్వలకు చెప్పుకోవాల్నో తెల్వక నారు పీకుకుంట ఏడ్చిన. టీబీ అయితే మందులున్నయ్. నేననుకున్నదానికి మందేడున్నది?"

ఏడుస్తూనే నవ్వింది. తర్వాత గడప మీద కూర్చుంది. లోపలికి రాలేదు, పోనూ లేదు. "రేపు పొద్దుగాల బస్సుకు మానుకోట దవాఖానకు పోతున్నం. నాట్లు ఒక్క దినం ఆగితే ఏంగాదు" అంది. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం.

అక్కడ రెండు చిన్న డబ్బాలిచ్చారు. ఒకటి అప్పుడే, ఒకటి మర్నాడు పొద్దున లేవగానే తెమడ పట్టి తేవాలి. వరండాలో బల్ల మీద వరుసగా కూర్చున్నాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోం. నా పక్కన ఒక ముసలమ్మ మాత్రం కాళ్లు బారజాపుకుని సర్వపిండి తింటోంది. తుంచి నాకు అందించింది. నేను తీసుకోలేదు.

"తిను కొడుకా. నాది ఆర్నెల్ల కోర్సు అయిపోవచ్చింది. ఇగ నా నుంచి ఎవ్వలకు అంటదని డాక్టరమ్మ చెప్పింది."

"నాకేం ఉన్నదో ఇంకా తెల్వదవ్వా."

"ఏమున్నా ఏంగాదు. నన్ను జూడు. మొదట్ల మా కోడలు నన్ను కొట్టంల పండుకోమన్నది. ఇప్పుడు నేను కోర్సు తప్పుతనేమో అని ఆమెనే రోజు గోలీలు లెక్కపెడ్తది." సరిత చేతిలో కూడా ఒక ముక్క పెట్టింది. ఇద్దరం తిన్నాం. నెలన్నర తర్వాత నేను ఇంకో మనిషి పక్కన కూర్చుని తిన్న మొదటి తిండి అది.

మూడో రోజు ఫలితం వచ్చింది. డాక్టరమ్మ కాగితం చూసి, ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, "టీబీ లేదు. చిన్నప్పుడు ఏమన్న పెద్ద జబ్బు చేసిందా నీకు?" అని అడిగింది. నాకు తెలియదు. సరిత యాడికి ఫోన్ చేసింది. "మూడేండ్లప్పుడు నెమ్ము చేసి బతుకడనుకున్నం" అంది యాడి, అదేదో నిన్నటి మాట అయినట్టు. ఆ మచ్చ అప్పటిదే కావచ్చు, పాతది, మానిపోయింది అని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడున్నది ఆస్తమా, ఆ దేశపు దుమ్ము రేపింది, రోజూ పంపు వాడాలి అంది.

ఇంటికొచ్చి వాకిట్లో నేల మీద కూర్చుని చేతులు చాపాను. మంజు రాలేదు. తల్లి వైపు చూసింది. "అమ్మా, బాపును ముట్టుకోవచ్చునా?" అని అడిగింది. సరిత తల ఊపాక కూడా మెల్లగా, ఒక్కో అడుగు లెక్కపెట్టుకుంటూ వచ్చింది.

సెప్టెంబర్

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు చెప్పాలి. పంపు వాడటం మానేశాను. వానల్లో ఊపిరి బాగుంది. పైగా తండాలో అందరూ ఒకటే మాట. పంపు ఒకసారి మొదలుపెడితే అలవాటైతది, చచ్చేదాకా ఇడువదు అని. నేనూ నమ్మాను. బాబా జేబులోని పంపు గుర్తొచ్చి, ముసలితనం నా జేబులోకి కూడా వచ్చినట్టు అనిపించేది. దాన్ని అటక మీద పెట్టేశాను.

సరిత అన్న లక్ష్మణ్ బావ భూపాలపల్లిలో లారీ నడుపుతాడు. "మళ్ల ఆ దేశం ఎందుకు బావా, ఇక్కడ డ్రైవర్లు కావాలంటున్నరు, రా" అన్నాడు. పోయాను. బొగ్గు లారీలు తిరిగే బాట అది. నీళ్ల ట్యాంకర్ తడిపిపోయిన కాసేపటికే ఎండి, ముందు లారీ లేపిన దుమ్ము నా అద్దం మీదికి వచ్చేది. ఇక్కడి దుమ్ము నలుపు. అక్కడిదానిలా మెరవదు. ఇది వేరే దుమ్ము కదా, నన్నేం చేస్తుంది అనుకున్నాను. వారం తిరగలేదు.

ఆ రోజు మధ్యాహ్నం లారీ దిగి నీళ్లు తాగుతుంటే మళ్లీ ఆ తాడు ఛాతీని చుట్టుకుంది. ఈసారి విప్పేవాళ్లు లేరు. లక్ష్మణ్ బావ వచ్చేసరికి నేను లారీ చక్రానికి ఆనుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా గుర్తుంది. జీపు. బావ ఏడుపు. "సరితకు నేనేం చెప్పాలె, కండ్లు తెరువు బావా." దవాఖాన పైకప్పు. మూతి మీద గొట్టం, తెల్లటి పొగ. ఆ పొగలో సముద్రం మా వరి మడుల్లోకి వచ్చింది. ఒక్కో ఒడ్డు దాటి, చప్పుడు చేయకుండా, చీలమండల లోతున. దాని మీద నారు తేలుతోంది. నాకు భయం వేయలేదు. ఇక ఊపిరి తీయాల్సిన పని లేదు, అలా పడుకుంటే చాలు అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే భయపెట్టేది ఆయాసం కాదు, ఆ హాయి.

ఎవరో చెంప మీద కొట్టారు. డాక్టరు. "నిద్రపోకు! ఊపిరి తీయి! పేరు చెప్పు!" చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. అలా ఎన్నిసార్లు నా పేరు చెప్పుకున్నానో తెలియదు. సాయంత్రానికి ప్రమాదం తప్పింది.

బస్సులు మారి సరిత మర్నాడు వచ్చింది. తిట్టలేదు. సంచిలోంచి అటక మీది పంపు తీసి నా దిండు పక్కన పెట్టింది. "ఊళ్లోల్లు చెప్పింది విన్నవ్. డాక్టరమ్మ చెప్పింది ఇనలే" అంది. అంతే. ఆ రెండు రోజులూ నాతో ఇంకో మాట మాట్లాడలేదు. లక్ష్మణ్ బావతోనూ మాట్లాడలేదు. బావ వరండాలో నిలబడి చాయ్ తెస్తూనే ఉన్నాడు. ఆమె చల్లారబెడుతూనే ఉంది.

సరిత చెల్లెలు లింగాల ఘనపూర్‌లో ఉంటుంది. వాళ్ల అత్తకు దమ్ము రోగం తగ్గించిన డాక్టరు జనగామలో ఉన్నాడంటే అక్కడికి పోయాం. ఆయన గొట్టంలో ఊదమన్నాడు. ఊదాను. మందు ఇచ్చి, కాసేపాగి మళ్లీ ఊదమన్నాడు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాడు. మందుతో గీత పైకి లేచింది.

"పంపు అలవాటైతదంటరు కద సార్" అన్నాను.

"అన్నం గూడ అలవాటే కద. మానేసినవా?" అన్నాడు. "ఎర్ర పంపు రోజు రెండు పూటల, బాగున్నా సరే. పీల్చినంక నోరు పుక్కిలించాలె. నీలం పంపు ఆయాసమొస్తే. అది జేబులకెళ్లి తియ్యొద్దు. దుమ్ముల పనిచేసే నౌకరి బంద్."

"ఇక్కడిది బొగ్గు దుమ్ము కద సార్. నాకు పడనిది ఎడారి దుమ్ము గద."

"సముద్రం దాటొచ్చినా, లారీ లేపినా, నీ ఛాతీకి ఊర్ల పేర్లు తెల్వయి. అది మట్టి అంతే. అక్కడ మొదలైంది. ఇప్పుడు ఎక్కడైనా లేస్తది. మందు వాడు, నూరేండ్లు బతుకుతవ్."

బయట బెంచీ మీద సరిత మూత తీయడం, పంపు ఆడించడం, పీల్చి పదిదాకా ఆపడం, అన్నీ తానే నేర్చుకుని నాకు నేర్పింది. అప్పుడు మాట్లాడింది. "ఇగ నాకు చెప్పకుంట ఏం జెయ్యకు. దగ్గు గూడ చెప్పే దగ్గు" అంది.

అక్టోబర్

పది రోజుల్లో పిల్లికూతలు ఆగిపోయాయి. బాబా కొడుకు సందేశం పెట్టాడు. నెలాఖరులోపు రాకపోతే వీసా పోతుంది, వస్తావా లేదా చెప్పు అని. రెండు రోజులు ఫోన్ పట్టుకుని తిరిగాను. పోవాలని లేదని అనను. మందులు వాడుతూ, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడి బట్టతో తుడుచుకుంటూ నెట్టుకురావచ్చు. అలా నెట్టుకొస్తున్నవాళ్లు ఉన్నారు. కాని డాక్టరు వద్దన్నాడు, సరిత ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నాకు బరువైంది.

మూడో రోజు మధ్యాహ్నం నేనే ఫోన్ చేశాను. కొడుకుతో చెప్పాను, రాలేనని. ఆయన సరే అని, "నాన్న మాట్లాడతాడట" అని ఫోన్ ఇచ్చాడు.

బాబా ఊపిరి ముందు వినిపించింది, తర్వాత మాట. "టీబీ లేదట కదా."

"లేదు బాబా. దుమ్మే."

"కొత్త డ్రైవర్ వచ్చాడు. మంచివాడే. సముద్రం దగ్గర ఊరికే కూర్చోమంటే కూర్చోలేడు, ఫోన్ చూసుకుంటాడు. ఇవాళ కూడా ఇక్కడ ఏమీ కనబడటం లేదు."

రాలేకపోతున్నందుకు మన్నించమందామనుకున్నాను. హిందీలో మాట దొరకలేదు. ఆ వెతుకులాటలో ఉండగానే ఉరుము లేకుండా, చెప్పాపెట్టకుండా వాన దిగింది. తుపాను వాన. కోసిన వడ్లు బాట మీద ఆరబోసి ఉన్నాయి. తండా అంతా ఒక్కసారి బయటికి ఉరికింది. యాడి టార్పాలిన్ ఈడ్చుకొస్తోంది, సరిత పారతో కుప్ప చేస్తోంది, మంజు చీపురు పట్టుకుంది.

"అదేం చప్పుడు?" అన్నాడు బాబా.

"వాన, బాబా."

"ఫోన్ బయట పెట్టు."

నేను రేకుల కింది నుంచి చెయ్యి చాపి ఫోన్‌ను వాన వైపు పట్టుకున్నాను. రేకుల మీద, టార్పాలిన్ మీద, బాట మీద, చింత చెట్టు మీద వాన. ఫోన్ తెర మీద కాల్ సెకండ్లు నడుస్తున్నాయి.

"ఓయ్, ఏం జేస్తున్నవ్ గక్కడ?" సరిత అరిచింది. "వడ్లు తడుస్తున్నయ్!"

ఒక్క నిమిషం అన్నట్టు రెండో చెయ్యి ఎత్తి చూపించాను. ఆమె నన్ను చూసింది, నా చేతిలో తడుస్తున్న ఫోన్‌ను చూసింది. ఎవరని అడగలేదు. కొంగు నడుముకు దోపుకుని, నా వైపు టార్పాలిన్ అంచు కూడా తానే పట్టుకుని లాగింది.